బ్రౌను దొరగారి నిఘంటువు

మన పాములపాడు యువజనులలో కొందరు పెద్ద పరీక్షలకు సిద్ధపడుచు, దినమునకు పదేసి ఇంగ్లీషు మాటలను అర్థములతో సహా వల్లించుచున్నారు. మంచిదే. అయితే ఒక మాటకు ఒకే అర్థమని పట్టుకొన్నవాడు త్వరలోనే చిక్కులో పడును. ఇంగ్లీషున ‘రన్’ అను చిన్న మాటనే చూడుడి. మనిషి విషయములో అది పరుగెత్తుట, ఏటి విషయములో పారుట, జలుబు చేసిన ముక్కు విషయములో కారుట, అంగడి విషయములో నడుపుట. ఈ భేదములను వెదకుటలోనే తన ఆయుష్షును, ధనమును వెచ్చించిన ఒక దొరగారిని ఈ నెల తలంచుకొందము.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టిరి. తండ్రి డేవిడ్ బ్రౌను గారు అక్కడ పాదిరి. పలు భాషలు నేర్చినవారు. 1812లో ఆయన మరణించగా కుటుంబము ఇంగ్లండు చేరెను. కుమారుడు హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817లో కుంపిణీ ఉద్యోగిగా చెన్నపట్టణమునకు వచ్చెను. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులుగారు ఆయనకు తెలుగు ఓనమాలు దిద్దించిరి. 1820లో కడపకు పంపబడెను. తెలుగు రానివానికి కడప కచేరీలో పనియేమి జరుగును?

అప్పటికే కేంబెల్ దొర నిఘంటువు 1821లో వెలువడినది. కాని బ్రౌనుగారికి పండితుల మాటలతో తృప్తి కలుగలేదు. రైతు, వర్తకుడు, ఇల్లాలు పలుకు మాటలు కూడ కావలెననిరి. కడపలో బంగళా కొని, పండితులను తన సొంత జీతములపై నియమించి, తాళపత్రములను తెప్పించి, ప్రతి గ్రంథమునకు పలు ప్రతులను సరిచూపించి శుద్ధప్రతులు వ్రాయించిరి. వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో 1829లో అచ్చు వేయించిరి. ఇందుకై అప్పులపాలైరి. ఆ అప్పు పెండ్లికో పేరంటమునకో చేసినది కాదు.

మాటల అర్థమును గూర్చి ఆయనకు కలిగిన గొప్ప శోధన నిఘంటువులో రాలేదు, గుంటూరులో వచ్చెను. 1832, 1833 సంవత్సరములలో అక్కడ వానలు లేక జనులు గుంపులుగా చనిపోవుచుండిరి. పై అధికారులకు దీనిని కొరత యనుట ఇష్టము. బ్రౌనుగారు కరువు అనియే వ్రాసిరి. కొరత యన్నచో కొంత ఓర్చుకొనుడని చెప్పవచ్చును. కరువు అన్నచో గంజి పోయవలెను, శిస్తు మాట మానవలెను. ఆ ఒక్క మాటలో ఎందరి ప్రాణములున్నవో ఆలోచించుడి.

ఇంగ్లండు వెళ్లి, 1837లో మరల వచ్చి, చెన్నపట్టణములో పని సాగించిరి. సేకరించిన రెండు వేలకు పైగా వ్రాతప్రతులను అక్కడి సాహిత్య సంఘమునకు ఇచ్చివేసిరి. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడెను. ఇంగ్లీషు–తెలుగు సంపుటము కూడ ఆ కాలముననే వచ్చెను. దస్తావేజు, ఫిర్యాదు, రాజీనామా మొదలగు కచేరీ మాటలకు మిశ్రభాషా నిఘంటువు వేరుగా కూర్చిరి. వీనిని ప్రకటించినది క్రైస్తవ జ్ఞానాభివృద్ధి సంఘము. నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో, ధర్మశాస్త్రము చదువబడగా లేవీయులు జనులకు అర్థము వివరించుట చూచుచున్నాము. అర్థము చెప్పుట ఆ దినముననే ఒక సేవగా ఎంచబడినది.

1855లో బ్రౌనుగారు ఈ దేశము విడిచిరి. తరువాత లండనులో తెలుగు ఆచార్యులైరి. 1884 డిసెంబరు 12న అక్కడనే మరణించిరి. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును సవరించి 1903లో మరల అచ్చొత్తించినవారు ముగ్గురు. వారిలో మన సీమలో పనిచేసిన లండను మిషను పాదిరి కేంబెల్ గారొకరు, కందుకూరి వీరేశలింగం పంతులుగారొకరు, వెంకటరత్నం గారొకరు. (ఈ కేంబెల్ గారు పైన చెప్పిన దొర కారు.)

నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడప పోవువారు ఆ పాత బంగళా స్థలమును చూడవచ్చును. ఇప్పుడక్కడ బ్రౌనుగారి పేరనే గ్రంథాలయము, భాషా పరిశోధన కేంద్రము ఉన్నవి.