ఫిరోజ్ గాంధీ అడిగిన లెక్క

దేశ రాజధానిలో ప్రభుత్వ వ్యవహారాలను కొంతకాలం దగ్గరనుంచి చూసినవాడికి ఒక వింత బోధపడుతుంది. ఎక్కడో ఒక పెద్ద తప్పు జరుగుతుంది. జరిగిందని అందరూ ఒప్పుకుంటారు. చేసినవాడెవడో మాత్రం తేలదు. మంత్రిని అడిగితే ఆ ఫైలు తన దాకా రానేలేదంటాడు. కార్యదర్శిని అడిగితే మంత్రిగారి ఉద్దేశం తెలుసుకునే నడుచుకున్నానంటాడు. సంస్థ అధ్యక్షుడు పైనుంచి వచ్చిన మాటను మన్నించానంటాడు. గుమాస్తా సంగతి సరేసరి, సంతకం పెట్టమన్నచోట పెట్టాడు. అధికారం ఇందరి చేతులమీదుగా నడిచిపోతుంది గాని, బాధ్యత ఏ ఒక్కరి చేతిలోనూ నిలవదు.

ఈ విద్య నిన్నమొన్నటిది కాదు. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లయినా కాకముందే ఇది ఢిల్లీలో బాగా వంటబట్టింది. దానిని లోక్‌సభలో పట్టపగలు పట్టి చూపించిన మనిషి ప్రతిపక్షంవాడు కాదు. పాలకపక్ష సభ్యుడు, పైగా ప్రధానమంత్రికి అల్లుడు. ఫిరోజ్ గాంధీ పేరు మన పాఠకులకు తెలియనిది కాదు. అయితే చాలామందికి ఆయన ఇందిరాగాంధీ భర్తగా, రాజీవ్, సంజయ్‌ల తండ్రిగా మాత్రమే తెలుసు. ఆయన బతికి ఉండగా ఢిల్లీ ఆయనను ఎరిగినది వేరొక కారణానికి.

1912 సెప్టెంబరు 12న బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో ఆయన జన్మించారు. తండ్రి జహంగీర్ ఓడలమీద ఇంజనీరు. తండ్రి గతించిన తరువాత అలహాబాదులో వైద్యురాలిగా ఉన్న తల్లి సోదరి షిరీన్ కమిస్సారియట్ చెంత పెరిగారు. 1930లో ఆయన చదువుతున్న యూయింగ్ క్రిస్టియన్ కళాశాల ఎదుట కాంగ్రెసు మహిళలు పికెటింగు చేస్తుండగా, మండుటెండలో కమలా నెహ్రూ సొమ్మసిల్లారని, ఆమెకు పరిచర్య చేయబోయిన ఈ కుర్రవాడు తిరిగి తరగతి గదిలోకి వెళ్లలేదని చెబుతారు. ఆ ఏడే ఫైజాబాద్ జైలుకు వెళ్లారు. అక్కడ ఆయన సహవాసి లాల్ బహదూర్ శాస్త్రి. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

పెళ్లి కథ నలుగురికీ తెలిసినదే గనుక దానిమీద కాలం వెచ్చించను. 1942 మార్చిలో ఆనందభవన్‌లో వివాహం జరిగింది. కొన్ని నెలలకే క్విట్ ఇండియా ఉద్యమంలో దంపతులిద్దరూ జైలుకు పోయారు. 1946లో లక్నోలోని నేషనల్ హెరాల్డ్ పత్రికకు మేనేజింగ్ డైరెక్టరయ్యారు. 1952 ఎన్నికల్లో రాయబరేలీ ప్రాంతం నుంచి లోక్‌సభకు ఎన్నికై, వెనుక బల్లలమీద దాదాపు మౌనంగా మూడేళ్లు కూర్చున్నారు. ప్రధాని నివాసమైన తీన్‌మూర్తి భవనంలో భార్యాబిడ్డలు ఉండగా, తాను మాత్రం రాణీ విక్టోరియా రోడ్డులో సభ్యులకిచ్చే ఇంట్లో ఉండేవారు. గులాబీలు పెంచడం, చెక్కతో బొమ్మలు చేయడం ఆయనకు ఇష్టం. ఆ రోజుల్లో ఆయనను చూసినవారు గొప్పింటి అల్లుడనే తప్ప మరేమీ అనుకుని ఉండరు.

1955 డిసెంబరులో ఆ మౌనం ముగిసింది. రామకృష్ణ దాల్మియా ఆనాడు దేశంలోని అగ్రశ్రేణి పారిశ్రామికులలో ఒకరు. భారత్ బీమా కంపెనీ ఆయన అధీనంలో ఉండేది. తమ మరణానంతరం భార్యాబిడ్డలకు ఆధారంగా ఉంటుందని సామాన్యులు నెలనెలా కట్టిన సొమ్మును ఆయన తన సొంత వ్యాపారాలకు ఎట్లా మళ్లించుకున్నదీ ఫిరోజ్ గాంధీ సభలో లెక్కలతో సహా విప్పిచెప్పారు. ఆ ఉపన్యాసంలో ఆవేశం తక్కువ, అంకెలు ఎక్కువ. దాల్మియా తరువాత కోర్టు శిక్షపడి జైలుకు వెళ్లారు. నెలన్నర తిరగకుండానే, 1956 జనవరిలో, ప్రభుత్వం జీవిత బీమాను జాతీయం చేసింది. దేశ, విదేశ సంస్థలు 245 కలిసిపోయి అదే సంవత్సరం సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ ఏర్పడింది. ప్రైవేటు యజమాని చేతిలో ప్రజల సొమ్ముకు రక్షణ లేదు కాబట్టి అది రాజ్యం చేతికి రావాలని వాదించినవారిలో ఫిరోజ్ ముఖ్యుడు. ఆయన కోరినది జరిగింది. మరొకరైతే అక్కడితో తన పని తీరిందనుకునేవారు.

పది నెలలైనా గడవలేదు. 1957 జూన్ చివరి వారంలో ఈ కొత్త సంస్థ కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంధ్రాకు చెందిన ఆరు కంపెనీలలో సుమారు 1 కోటి 24 లక్షల రూపాయల విలువగల వాటాలు కొన్నది. ముంధ్రా విద్యుద్దీపాల అమ్మకంతో జీవితం ఆరంభించి, అప్పులమీద, మార్కెట్టు జూదంమీద పైకి వచ్చిన మనిషి. అప్పటికే ఆయన నావ మునుగుతున్నది. కొన్న కంపెనీలలో పెక్కింటి పరిస్థితి అంతంతమాత్రం. ఇచ్చిన ధర బజారు ధరకన్న ఎక్కువ. పెట్టుబడులను ముందుగా పరిశీలించవలసిన సంఘాన్ని అడిగిన పాపాన పోలేదు. ఒక మునిగే వ్యాపారిని ఒడ్డున పడవేయడానికి లక్షలాది పాలసీదారుల సొమ్ము వాడారన్నమాట.

రామ్ సుభగ్ సింగ్ అనే మరొక కాంగ్రెసు సభ్యుడు, ఫిరోజ్ గాంధీ సభలో ప్రశ్నలు వేయసాగారు. ఆర్థిక శాఖ నుంచి వచ్చిన సమాధానాలు చెప్పినట్లే ఉండి ఏమీ చెప్పనివి. డిసెంబరు 16న చర్చకు వచ్చిన నాడు ఫిరోజ్ తారీఖులు, ధరలు, ఉత్తర ప్రత్యుత్తరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూపించారు. కొనుగోలుకు ముందటి రోజుల్లో వాటాల ధరలు ఎట్లా ఎగబాకినదీ చెప్పారు. సభలో ఎదురుగా ఉన్నది తన పార్టీ ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి. ఆయన నెహ్రూకు ఎంతో నమ్మకమైన సహచరుడు.

నాకు ఈ ఘట్టంలో అన్నిటికన్న గొప్పగా తోచేది ధైర్యం కాదు. మామగారి ప్రభుత్వాన్ని ఎదిరించాడని ఆనాటినుంచి అందరూ అదే మెచ్చుకుంటారు. కుటుంబ బంధుత్వం ఆయనకు ఒక కవచం కూడా అయిందని మరువరాదు. మరొక వెనుకబల్ల సభ్యుడు ఇంత దూరం వెళితే మరుసటి ఎన్నికలకు టిక్కెట్టు దొరికేదో లేదో. నన్ను ఆకట్టుకునేది వేరు. బీమాను రాజ్యపరం చేయమని అడిగినవాడు తానే. కాబట్టి రాజ్యం ఆ సొమ్మును దుర్వినియోగం చేస్తే ఆ పాపంలో తనకూ భాగముందని ఆయన తలచినట్లు కనిపిస్తుంది. ప్రైవేటు దోపిడీని అడిగిన ప్రశ్నలనే, అదే కంఠంతో, ప్రభుత్వాన్నీ అడిగారు. జాతీయకరణను వ్యతిరేకించినవారికి ఈ కుంభకోణం ఒక పండుగ. సమర్థించినవారిలో చాలామంది మొగమాటానికి మిన్నకున్నారు. ఆయన రెండు గుంపుల్లోనూ చేరలేదు.

1958 జనవరిలో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి.చాగ్లాతో ఏకసభ్య విచారణ సంఘం నియమించారు. చాగ్లా విచారణను బహిరంగంగా జరిపారు. లోపల చోటు చాలక బయట లౌడ్‌స్పీకర్లు పెట్టవలసి వచ్చింది. మొదట చెప్పిన ఢిల్లీ విద్య అక్కడ జనం కళ్లముందు నగ్నంగా నిలబడింది. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి మాటనే ఆజ్ఞగా భావించామని బీమా సంస్థ అధిపతి ధోరణి. మంత్రి ఆమోదం తనకున్నదని కార్యదర్శి హెచ్.ఎం.పటేల్ వాదం. అటువంటి అనుమతి తానివ్వలేదని మంత్రి. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి దలాలీల నుంచి రిజర్వు బ్యాంకు గవర్నరు దాకా సాక్ష్యమిచ్చారు. ఇంతమంది పెద్దలు ఉన్న దేశంలో కోటి రూపాయలకు పైబడిన నిర్ణయం ఎవరిదో చెప్పగలవారు లేకపోయారు.

ఆ ముడిని చాగ్లా విప్పిన తీరు నేటికీ గమనింపదగినది. ఫిబ్రవరి 10న ఇచ్చిన నివేదికలో ఆయన, కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగరీత్యా మంత్రే జవాబుదారి అని నిర్ణయించారు. తెలిసి చేశాడా, తెలియక జరిగిందా అన్నది వేరే సంగతి. తన శాఖలో జరిగినదానికి తెలియదనడం సమాధానం కాదు. ఆ నెలలోనే కృష్ణమాచారి రాజీనామా చేశారు. నెహ్రూ అయిష్టంగానే దానిని అంగీకరించారు.

ఇక్కడ ఫైజాబాద్ జైలు మిత్రుడిని తలచుకోవాలి. అంతకు ఏడాదిన్నర ముందు, 1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి 112 మంది చనిపోయినప్పుడు రైల్వేమంత్రిగా ఉన్న శాస్త్రి రాజీనామా ఇవ్వజూపారు. నెహ్రూ వద్దన్నారు. నవంబరులో తమిళదేశంలో అరియలూరు ప్రమాదం జరగగానే మళ్లీ ఇచ్చి వెళ్లిపోయారు. ఆ పట్టాలకు ఆయన కాపలాదారు కాదు, ఆ వంతెనను ఆయన కట్టలేదు. ఆయనను ఎవరూ విచారణ సంఘం ముందు నిలబెట్టనూ లేదు. ఒకరు అడగకుండానే తలమీద వేసుకున్నదానిని మరొకరి తలమీద పెట్టడానికి ఒక పార్లమెంటు చర్చ, ఒక హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కావలసి వచ్చారు.

తరువాతి కథ రాజకీయాల విచిత్రాలకు ఉదాహరణ. ముంధ్రా జైలుకు పోయారు. కృష్ణమాచారి 1962లో తిరిగి మంత్రివర్గంలోకి, మరుసటి ఏడు తిరిగి ఆర్థిక శాఖకే వచ్చారు. ఉద్యోగం వదిలిన హెచ్.ఎం.పటేల్ 1977లో జనతా ప్రభుత్వంలో స్వయంగా ఆర్థికమంత్రి అయ్యారు. నిర్ణయం ఎవరిదన్న వివాదం మాత్రం ఆ ముగ్గురితోనే పోయింది.

ఫిరోజ్ అంతకాలం బతకలేదు. 1959లో, భార్య కాంగ్రెసు అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు, కేరళలో ఎన్నికైన కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని రద్దు చేయడం ఆయనకు నచ్చలేదు. అప్పటికే గుండె బలహీనపడింది. 1960 సెప్టెంబరు 8న, 48 ఏళ్లు నిండడానికి నాలుగు రోజుల ముందు, ఢిల్లీ విల్లింగ్డన్ ఆసుపత్రిలో కన్నుమూశారు. నొప్పి వచ్చినప్పుడు తన కారు తానే నడుపుకొని ఆసుపత్రికి వెళ్లారని చెబుతారు.

ఆయన చేసిన ఒక పనిని చివరికి అట్టిపెట్టుకున్నాను. అది నా వృత్తికి సంబంధించినది. పార్లమెంటులో సభ్యుడు ఏమి మాట్లాడినా కోర్టుకు ఈడ్వడానికి వీలులేదు. కాని ఆ మాటలను అచ్చువేసిన పత్రికకు ఆ రక్షణ ఉండేది కాదు. దాల్మియా గురించి తాను సభలో చెప్పగలిగినదానిని పత్రిక నిర్భయంగా ప్రకటించలేకపోతే, ఓటు వేసినవాడికి అది చేరేదెట్లా? ఈ లోపం తీర్చడానికి ఆయన ప్రైవేటు సభ్యుని హోదాలో ఒక బిల్లు తెచ్చారు. దురుద్దేశం లేకుండా, స్థూలంగా సత్యమైన సభా వార్తలను ప్రకటించిన పత్రికపై దావాకు వీలులేదని అది చెప్పింది. 1956 మే నెలలో చట్టమైంది. ముంధ్రా చర్చ మరునాటి పత్రికలకు ఎక్కినప్పుడు దాని వెనుక ఆ చట్టం ఉన్నది.

1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు రాయబరేలీ నుంచి ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పింది. ఎన్నికల పనికి ప్రభుత్వ ఉద్యోగుల సేవలు వాడుకోవడం కారణం. ఒకప్పుడు ఫిరోజ్ గెలిచిన స్థానమే అది. రెండు వారాలలో ఎమర్జెన్సీ వచ్చింది. ఆ డిసెంబరు 8న వెలువడిన ఆర్డినెన్సులలో ఒకటి 1956 నాటి చట్టాన్ని రద్దు చేసింది. భర్త తెచ్చిన చట్టాన్ని భార్య ప్రభుత్వం తుడిచివేసిందని వేరే చెప్పనక్కరలేదు. ఆ ఆర్డినెన్సుకు అవును అన్న మంత్రులందరూ, దానిని బిల్లుగా ఆమోదించిన సభ్యులందరూ ఏమనుకున్నారో మాత్రం తెలుసుకోవాలని ఉంటుంది. ఒక్కరి ఇష్టాయిష్టాలమీదకు నెట్టివేయడం సులభం. చేతులు ఎత్తినవారు వందలమంది.

1977లో జనతా ప్రభుత్వం ఆ చట్టాన్ని తిరిగి తెచ్చింది. 1978 నాటి 44వ సవరణతో అదే సూత్రం 361ఎ అధికరణంగా రాజ్యాంగంలోనే చేరింది. అంతకుముందు పార్లమెంటుకే పరిమితమైన ఈ రక్షణ అప్పుడు రాష్ట్రాల శాసనసభలకూ విస్తరించింది. హైదరాబాదులోనైనా, అమరావతిలోనైనా ఒక సభ్యుడు మంత్రిని నిలదీసిన వార్తను తెలుగు పత్రిక మరునాడు వేయగలుగుతున్నదంటే అందులో ఫిరోజ్ పాలు కొంత ఉంది. కాని 1980లో ఇందిరాగాంధీ రాయబరేలీని వదులుకొని మన మెదక్ స్థానాన్ని ఉంచుకున్నప్పుడు, ఆ రెండింటినీ కలిపి ఈ చట్టాన్ని ఎవరూ గుర్తుచేసినట్లు లేదు.

సభ జరిగే రోజుల్లో శుక్రవారం మధ్యాహ్నం ప్రైవేటు సభ్యుల పనికి కేటాయిస్తారు. ఫిరోజ్ బిల్లు అటువంటి వేళల్లోనే నడిచింది. స్వాతంత్ర్యం తరువాత ఇటువంటి బిల్లులలో చట్టమైనవి మొత్తం 14. 1970 తరువాత ఒక్కటీ కాలేదు. ఆ వేళకు చాలామంది సభ్యులు సొంత ఊళ్ల విమానాలు, రైళ్లు ఎక్కేసి ఉంటారు. పత్రికల గ్యాలరీ కూడా పలచబడుతుంది. ఒకరిద్దరం కూర్చుని ఉంటాం.