మొక్కను గుర్తెరిగిన మహనీయుడు – ఇబ్నుల్ బైతార్

పేరు తెలిసినంత మాత్రాన వస్తువు తెలిసినట్లు కాదు. తరగతి గదిలో ఎన్నోసార్లు పలికిన ఈ మాటను మాకు నిజంగా నేర్పినది మా పెరటిలోని ఒక మట్టికుండీ.

యునానీ వైద్యులు హృదయానికి ఉల్లాసం కలిగిస్తుందని చెప్పే ఓషధులలో బాద్రంజ్‌బోయా ఒకటి. ఆంగ్లంలో దీనిని లెమన్ బామ్ అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మెలిస్సా అఫిసినాలిస్. మధ్యధరా తీరాల నుండి ఇరాన్ మీదుగా మధ్య ఆసియా వరకు వ్యాపించిన మొక్క ఇది; మన నేలలో పుట్టినది కాదు. దీనిని ఇంట పెంచవలెనని చాలకాలంగా మాకు కోరిక. ఒక దుకాణంలో ఆ పేరుతో అమ్మిన విత్తనాలు తెచ్చి చల్లాము. మొలకలు వచ్చాయి, ఆకులు వేశాయి. కాని ఆకు నలిపి చూస్తే నిమ్మవాసన జాడ లేదు. ఇంటి పిల్లి మాత్రం వచ్చి ఆ కుండీ ప్రక్కన పొర్లాడసాగింది. విచారించగా, ఉర్దూ వాడుకలో బాద్రంజ్‌బోయాకు 'బిల్లీలోటన్' అనే పేరు కూడ ఉన్నదనీ, పిల్లులను పొర్లాడించే వేరొక జాతి మొక్కలు కూడ ఆ పేరుతోనే చలామణి అవుతున్నాయనీ తెలిసింది. పేరు ఒకటే, మొక్కలు రెండు!

పెరటిలో జరిగిన పొరపాటు నవ్వుకొని మరచిపోవచ్చును. అదే పొరపాటు ఔషధశాలలో జరిగితే దాని ఫలితాన్ని అనుభవించేది రోగి. ఈ ప్రమాదాన్ని గుర్తించి, దానిని తొలగించుటకే జీవితాన్ని ధారపోసిన ఒక మహనీయుని చరిత్ర మాకు అప్పుడు స్మరణకు వచ్చింది. ఆయనే ఇబ్నుల్ బైతార్.

అబూ ముహమ్మద్ అబ్దుల్లా ఇబ్న్ అహ్మద్ అనేది ఆయన పేరు. స్పెయిన్ దక్షిణ తీరమందలి మాలగా ప్రాంతంలో సుమారు 1197లో జన్మించాడు. బైతార్ అనగా పశువైద్యుడు. ఇబ్నుల్ బైతార్ అనగా పశువైద్యుని కుమారుడు. లోకమంతా ఆయనను ఈ పేరుతోనే ఎరుగును. యౌవనంలో ఆయన సెవిల్ నగరానికి వెళ్ళి, అబుల్ అబ్బాస్ అన్నబాతీ అనే వృక్షశాస్త్రజ్ఞుని వద్ద శిష్యరికం చేశాడు. నబాతీ అనగా మొక్కలవాడని అర్థం. గ్రంథంలో చదివినదానిని కంటితో చూచి సరిపోల్చుకొననిదే నమ్మరాదని బోధించిన గురువు ఆయన. గురుశిష్యులు కలిసి నగర పరిసరాలలో తిరిగి మొక్కలు సేకరించేవారు.

ఆ కాలపు ఓషధి విద్యకు మూలస్తంభం క్రీస్తుశకం మొదటి శతాబ్దానికి చెందిన గ్రీకు వైద్యుడు డయాస్కరిడీస్ వ్రాసిన గ్రంథం. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇది అరబ్బీలోకి అనువదింపబడింది. హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ ఆ అనువాదాన్ని సరిదిద్దాడు. అయితే ఏ మొక్కకు అరబ్బీ పేరు తెలియరాలేదో, ఆ మొక్కకు గ్రీకు పేరునే అరబ్బీ లిపిలో ఉంచివేశారు. చదువరికి అక్షరాలు కనబడును గాని మొక్క కనబడదు. పదవ శతాబ్దంలో బైజాంటియం చక్రవర్తి ఈ గ్రంథపు గ్రీకు ప్రతిని కార్డోబా ఖలీఫాకు కానుకగా పంపగా, దానిని చదివి చెప్పుటకు నికొలస్ అనే క్రైస్తవ సన్న్యాసి 951లో అక్కడికి వచ్చాడు. ముస్లిం, యూదు, క్రైస్తవ పండితులు కలిసి కూర్చుండి ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క మొక్కను వెదకిరి. ఇబ్నుల్ బైతార్ ఆ సంప్రదాయానికి వారసుడు.

సుమారు 1220 నాటికి ఆయన స్వస్థలాన్ని విడిచి తూర్పునకు బయలుదేరాడు. ఉత్తర ఆఫ్రికా తీరం వెంట అల్జీరియా, ట్యునీషియా, లిబియా ప్రాంతాలలో ఆగుతూ, అచటి గ్రామీణులు ఏ మొక్కను ఏమని పిలుచుచున్నారో, దేనికి వాడుచున్నారో అడిగి తెలిసికొన్నాడు. ఆసియా మైనర్‌లోనూ సంచరించాడు. పిమ్మట ఈజిప్టు చేరగా, అయ్యూబీ వంశపు సుల్తాను అల్ కామిల్ ఆయన ప్రతిభను గుర్తించి, ఓషధులు సేకరించేవారందరికీ అధిపతిగా నియమించాడు. సుల్తాను అధికారం డమాస్కస్‌కు విస్తరించినప్పుడు ఇబ్నుల్ బైతార్‌కు సిరియా కొండలు, లోయలు కూడ పరిశోధనాక్షేత్రాలైనాయి.

డమాస్కస్‌లోనే, 1235–36 ప్రాంతంలో, ఇబ్న్ అబీ ఉసైబియా అనే యువ వైద్యుడు ఆయనను కలిసికొని శిష్యుడైనాడు. తరువాతి కాలంలో వైద్యుల చరిత్రను రచించి ప్రసిద్ధి కెక్కిన ఈ శిష్యుడు, తన గురువు పాఠం చెప్పే తీరును ఆ గ్రంథంలో వర్ణించాడు. ఊరి వెలుపలకు పోయి ఆయా మొక్కలను అవి పెరిగే చోటనే చూచేవారట. గురువు ముందుగా మొక్క యొక్క గ్రీకు పేరు చెప్పేవాడు. తరువాత డయాస్కరిడీస్ ఏమన్నాడో, గాలెన్ ఏమన్నాడో, తరువాతివారు ఎక్కడ ఏకీభవించారో, ఎక్కడ పొరబడ్డారో వివరించేవాడు. శిష్యుడు ఇంటికి వచ్చి గ్రంథాలు తెరచి చూస్తే, గురువు చెప్పినదానిలో ఒక్కటైనా తప్పేది కాదట. ఎన్నవ ప్రకరణంలో ఎన్నవ ఓషధియో సంఖ్యతో సహా ఆయనకు కంఠస్థం. ఇంతటి పాండిత్యం ఉండి కూడ ఆయన మొక్క దగ్గరికి నడచి వెళ్ళుట మానలేదు.

ఈ జీవితకాల కృషికి ఫలం 'అల్ జామి' అనే మహాగ్రంథం. ఇందులో 1400కు పైగా ఓషధులు, ఆహారపదార్థాలు అక్షరక్రమంలో వర్ణింపబడ్డాయి. సుమారు 150 మంది పూర్వగ్రంథకర్తల అభిప్రాయాలు ఇందులో పేర్లతో సహా కనబడతాయి. ఒక మొక్కను అరబ్బీలో, గ్రీకులో, పారశీకంలో, బెర్బర్ భాషలో, స్పెయిన్ దేశీయుల వాడుకలో ఏమంటారో ఆయన పొందుపరచాడు. కొన్ని పేర్లు ఒకే మొక్కవని తేల్చాడు. కొన్నిచోట్ల ఒకే పేరు వెనుక రెండు మొక్కలున్నవని హెచ్చరించాడు.

మన బాద్రంజ్‌బోయానే ఉదాహరణగా తీసికొందాము. గ్రీకులో దాని పేరుకు తేనెటీగల ఆకు అని అర్థం. తేనెటీగలకు ఆ మొక్క అంటే అంత ప్రీతి. అరబ్బీలో తురుంజాన్ అన్నారు. ఇది మాదీఫలపు వాసనను బట్టి వచ్చిన పేరు. పారశీక నామానికీ ఆ వాసనే ఆధారం. ఇబ్న్ సీనా దీనిని హృదయానికి బలమును, ఉల్లాసమును ఇచ్చేదిగా పరిగణించాడు. ఒక జాతి తేనెటీగను చూచి పేరు పెట్టినది, మరొక జాతి పరిమళాన్ని చూచి పేరు పెట్టినది. ఈ పేర్లన్నీ ఒక్క ఆకు మీదనే వాలినవని చెప్పగలవాడు ఆ ఆకును ఎరిగినవాడు మాత్రమే.

అల్ కామిల్ 1238లో మరణించగా, ఇబ్నుల్ బైతార్ ఆయన కుమారుడు అల్ సాలిహ్ కొలువులో కొనసాగాడు. 1248లో డమాస్కస్‌లో పరమపదించాడు. ఆయన విద్యాభ్యాసం చేసిన సెవిల్ నగరం కాస్టీల్ రాజు వశమైనది కూడ ఆ సంవత్సరమే. జన్మభూమి ఒకచోట, సమాధి ఒకచోట. కాని ఆయన గ్రంథం శతాబ్దాలు జీవించింది. 1874లో కైరో సమీపమందలి బూలాఖ్ ముద్రణాలయంలో అచ్చయింది. 1877–1883 మధ్య లూసియాన్ లెక్లేర్ చేసిన ఫ్రెంచి అనువాదం వెలువడింది.

ఆయన చూపిన మార్గాన మేము మరల ప్రయత్నించాము. ఈసారి విత్తనాల పొట్లం కొనలేదు. చల్లని ప్రాంతం నుండి ఒక మిత్రుడు తెచ్చిన వేళ్ళతో కూడిన పిలకను ముందు పరీక్షించాము. కాండం పలకలుగా ఉన్నది. ఆకులు ఎదురెదురుగా, ముడుతలు పడి, అంచున రంపపు పండ్లతో ఉన్నాయి. కాని పుదీనాకూ ఈ లక్షణాలు చాలవరకు ఉన్నాయి గదా! ఆకును వ్రేళ్ళ మధ్య నలిపినప్పుడు వచ్చిన నిమ్మవాసనయే సందేహం తీర్చింది. నిమ్మగడ్డిలోనూ ఆ వాసన ఉన్నా, అది పొడవాటి ఆకుల గడ్డి గనుక పొరపడుటకు వీలు లేదు. పూవులు కూడ గుర్తే. పిల్లిని ఆకర్షించే జాతులలో అవి తరచు నీలి ఛాయతో ఉంటే, దీనికి ఆకుల మొదట తెల్లని చిన్న పూవులు పూస్తాయి.

దీనిని పెంచుట కష్టం కాదు. అడుగున రంధ్రమున్న కుండీ, నీరు నిలువని మెత్తని మట్టి, ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ ఉంటే చాలును. మన వేసవిని తట్టుకొనుటకు నీడ తప్పనిసరి. విత్తనాలు వేసేవారు వాటిని మట్టిలో లోతుగా కప్పరాదు. మొలకెత్తుటకు వెలుతురు సహాయపడుతుంది. బలిసిన గుబురును వేళ్ళతో చీల్చి మరొక కుండీలో నాటుకొనవచ్చును. నాలుగు ఆకులు వేసి కాచిన తేనీరు మా ఇంట అతిథులకు ప్రీతిపాత్రమైనది. జబ్బుకు మందుగా వాడదలచినవారు మాత్రం వైద్యుని సలహా తీసికొనవలెను.

ప్రియ విద్యార్థులారా! మీలో ఉర్దూలో చదివేవారున్నారు, తెలుగులో చదివేవారున్నారు. ఒకే వస్తువుకు మీ నోట రెండు పేర్లు వినడం ఈ ప్రాంగణంలో మాకు నిత్యానుభవం. ఏ పేరు గొప్పదని వాదించుకొనే బదులు, ఇబ్నుల్ బైతార్ వలె రెండు పేర్లనూ ప్రక్కప్రక్కన వ్రాసికొని, లేచి వెళ్ళి ఆ వస్తువును చూడండి. నిఘంటువు తెరచిన చేతితోనే ఒక ఆకును నలిపి వాసన చూచే అలవాటు చేసికొనండి. మా కుండీలో ఇప్పుడు పిలకలు గుబురుగా ఉన్నాయి. కావలసినవారు వచ్చి తలా ఒకటి తీసికొని వెళ్ళవచ్చును. గుర్తించిన తరువాత మాత్రమే!