యంత్రహృదయ మెఱిగిన జి.డి. నాయుడు

తెలుగునాడు విడిచి తమిళదేశమున స్థిరపడి, తరములు గడచినను ఇంట తెలుగు పలుకుచు, తమ ప్రజ్ఞచే ఆ దేశమునకే వన్నె తెచ్చినవారు పెక్కుమంది కలరు. వారిలో గోపాలస్వామి దొరస్వామి నాయుడు అగ్రగణ్యుడు. కోయంబత్తూరు సమీపమున గల కలంగల్ గ్రామమున, వ్యవసాయదారుల కుటుంబమున, 1893 మార్చి 23వ తేదీన ఆయన జన్మించెను. బడిచదువు ఆయనకు రుచింపలేదు. ప్రాథమిక తరగతులు దాటకయే పలక విడిచి పొలము పనిలో ప్రవేశించెను.

ఆయన జీవితమును మలుపు త్రిప్పినది ఒక మోటారు సైకిలు. ఆంగ్లేయాధికారి యొకడు దానిపై రాగా, ఎద్దు గాని గుఱ్ఱము గాని లేక కదలు ఆ బండి ఆ పల్లెటూరి బాలుని మనస్సును దోచెను. సొమ్ము కొఱకు కోయంబత్తూరు చేరి, హోటలులో వడ్డన చేయుచు కొన్నియేండ్లు కూడబెట్టి, 300 రూపాయలకు ఆ రడ్జి వాహనమునే కొనెను. కొని, దానిని ముక్కముక్కగా విడదీసి, ఏ భాగము దేనిని కదల్చునో పరిశీలించి, మరల కూర్చెను. ఆయనకు పాఠశాలయు గురువును అదియే.

ఆ కాలపు పెట్రోలు ఇంజను ఓపికతో చదువవలసిన గ్రంథము వంటిది. బండి నిలిచియున్నపుడు ఇంజను నెమ్మదిగా, సమముగా తిరుగవలెను. అట్లుగాక వణకుచు, దగ్గుచు, ఆగిపోవుచున్నచో కారణము వెదకవలెను. గాలిని, పెట్రోలును తగుపాళ్ళలో కలుపు పరికరము కార్బురేటరు. నెమ్మదినడకలో దాని గాలితలుపు దాదాపు మూసియుండును. పెట్రోలు సూదిమొన వంటి రంధ్రము గుండ మాత్రమే వచ్చును. అందొక నలుసు పడినచో, వేగముగా పోవునపుడు చక్కగా నడచిన ఇంజనే నిలిపినంతనే తడబడును. కార్బురేటరు క్రింది అతుకు వదులై దొంగగాలి చొరబడినను, ప్లగ్గు నిప్పురవ్వ బలహీనమైనను అదే వికారము కలుగును. లక్షణ మొకటి, కారణములు పెక్కు. కావున నేర్పరి తొందరపడి మరలు త్రిప్పడు. ప్లగ్గుల తీగలను ఒక్కొక్కటిగా తొలగించి చెవియొగ్గును. ఏది తొలగించినపుడు ధ్వని మారదో, ఆ సిలిండరు సరిగా పనిచేయుట లేదని గ్రహించును. అన్నియు నొకే తీరున నున్నచో అతుకులపై నూనెచుక్క వేయును. నడక కుదుటపడెనా, గాలి అచ్చటనే చొరబడుచున్నదన్నమాట. అదియు గానిచో రంధ్రమును శుభ్రపఱచును.

ఇట్టి విద్య పుస్తకమున చదివినంత మాత్రమున పట్టుబడదు. బొంబాయిలో ప్రత్తివ్యాపారమున నష్టపోయిన నాయుడునకు చేతివిద్యయే దిక్కయ్యెను. రాబర్ట్ స్టేన్సు దొర తోడ్పాటుతో 1920లో ఒక బస్సు సంపాదించి, పొల్లాచి పళని పట్టణముల నడుమ తానే నడిపెను. ఆ ఒక్క బస్సు నుండి యు.ఎం.ఎస్. అను మహాసంస్థ పెరిగెను. తరువాత ఆయన విద్యుత్ క్షురయంత్రము, వోట్లు నమోదు చేయు యంత్రము, పండ్లరసము తీయు పరికరము మున్నగువానిని రూపొందించెను. 1937లో బాలసుందరము నాయుడుతో కలసి స్వదేశీ విద్యుత్ మోటారు నిర్మాణమునకు పూనుకొనెను.

1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేర సాంకేతిక కళాశాల వెలసినపుడు, ప్రాథమిక విద్య దాటని ఈయనయే దాని ప్రిన్సిపాలయ్యెను. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు కాలహరణమనియు, రెండేండ్లు చాలుననియు ఆయన మతము. ప్రభుత్వము సమ్మతింపలేదు, ఆయన పదవి విడిచెను. ఆ కళాశాల నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నున్నది.

ఈ వివాదమున సత్యమంతయు నాయుడు పక్షముననే యున్నదనుట సాహసము. గణితము లేనిదే క్రొత్త ఇంజనును నిర్మింపజాలము. కాని, చేతికి నూనె అంటనిదే ఉన్న ఇంజను రోగము తెలియదు. పట్టము చేతబట్టి, చిన్న మరను విప్పుటకు జంకు విద్యార్థిని చూచిన ఉపాధ్యాయునకు నాయుడు ఆవేదన అర్థము కాకపోదు.

1974 జనవరి 4వ తేదీన ఆయన పరమపదించెను. నేటి క్రొత్తకార్లలో కార్బురేటరు లేదు. పెట్రోలు పాళ్ళను విద్యుత్ పరికరములే నిర్ణయించుచున్నవి. అయినను లక్షణమును గమనించి, కారణముల నొక్కొక్కటిగా పరీక్షించి, చివరకు చేయివేయు పద్ధతి మారలేదు. అమలాపురమున గాని, రాజోలున గాని, కొత్తపేటలో గాని బస్సెక్కి బడికి పోవు బాలుడు, బస్సు నిలిచినపుడు ఇంజను ధ్వని నొక్కసారి శ్రద్ధగా వినినచో, నాయుడు చదివిన పాఠములో మొదటి పుట తెఱచినవాడగును.