అమానతు నిలబెట్టిన అబ్దుర్రజాఖ్ లారీ

రాజుల కొలువు అనగానే మనకు ఈజిప్టు, హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గుర్తుకొస్తారు. అజీజు ఇంట బానిసగా ఉన్నప్పుడూ, ఆ దేశపు ధాన్యాగారాలకు అధికారి అయినప్పుడూ ఆయన తనకు అప్పగించిన అమానతుకు ద్రోహం చేయలేదు. ప్రవక్తల స్థాయి ఎవరికీ రాదు. అయినా అలాంటి పరీక్షలో నిలిచిన ఒక సర్దారు మన తెలుగునేల మీదా ఉన్నాడు. ఆయనే గోల్కొండ కొలువులోని అబ్దుర్రజాఖ్ లారీ.

ఇరాన్‌లోని లార్ ఆయన స్వస్థలం. కుతుబ్ షాహీల దగ్గర ఇరానీయులకు మంచి ఆదరణ ఉండేది. 1572 ప్రాంతంలో మన రాజమహేంద్రవరాన్ని జయించి గోల్కొండలో కలిపిన సేనాని రఫత్ ఖాన్ కూడా లారీయే.

గోల్కొండ కోటలో ఒక్కో కొలువుకు ఒక్కో చోటు ఉండేది. ఆయుధాలకు సిలహ్ ఖానా, ధాన్యానికి అంబర్ ఖానా, కొండపైన బాలాహిసార్. ఖజానా వ్యవహారాలు చూసే అధికారిని మీర్ జుమ్లా అనేవారు. చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానీషా ఆ పదవిని మాదన్నకు ఇచ్చాడు. లారీ ఆ సుల్తాన్ సర్దార్లలో ఒకడు. ముస్తఫా ఖాన్ అన్నది ఆయన బిరుదు.

1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. సుల్తాన్ ఓడిపోతాడని తెలిసి సర్దార్లు ఒక్కొక్కరే మొగలుల పక్షం చేరిపోయారు. లారీకీ పెద్ద మన్సబు ఇస్తామంటూ ఫర్మానా వచ్చింది. ఆయన దాన్ని బురుజు మీద అందరూ చూస్తుండగా చించివేశాడని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు.

సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లంచానికి లొంగి కోట ద్వారం తెరిచాడు. శత్రువులు లోపలికి వచ్చారని వినగానే లారీ జీను కూడా వేయని గుర్రమెక్కాడు. వెంట పదిపన్నెండు మందే ఉన్నారు. ద్వారం దగ్గర ఒళ్ళంతా గాయాలయ్యేదాకా పోరాడాడు. చివరికి గుర్రం ఆయనను నగీనాబాగ్ వైపు మోసుకుపోగా, అక్కడ ఒక కొబ్బరిచెట్టు కింద పడిపోయాడు. మర్నాడు చూస్తే ఒంటి మీద దాదాపు డెబ్బై గాయాలున్నాయి.

ఔరంగజేబు ఆ విశ్వాసాన్ని మెచ్చి, శత్రువన్నది చూడకుండా తన వైద్యులను పంపించాడు. లారీ కోలుకున్నాడు. కొలువులోకి రమ్మంటే, అబుల్ హసన్ ఉప్పుతో పెరిగిన శరీరం మరొకరిని సేవించలేదని మొదట నిరాకరించాడు. సుల్తాన్ దౌలతాబాద్ కోటలో బందీ అయి అక్కడే మరణించాడు. రాజ్యం పోయి, కాపాడవలసిన కొలువే లేకుండా పోయాక లారీ మొగలుల ఉద్యోగం స్వీకరించాడు. కాపాడవలసినది ఉన్నంతకాలం మాత్రం దాన్ని అమ్ముకోలేదు.

పన్నీ, లారీ ఇద్దరూ ఒకే ఇంటి ఉప్పు తిన్నారు. ఇద్దరూ కలిమా చదివినవారే. ఒకే రాత్రి, ఒకే ద్వారం దగ్గర ఇద్దరి నిజస్వరూపమూ బయటపడింది.

కోటలు మన చేతిలో లేకపోవచ్చు. కాని మన అబ్బాయి ఎవరి దుకాణంలోనో గల్లా దగ్గర కూర్చుంటాడు. మస్జిదు చందా మన దగ్గర దాచిపెడతారు. గల్ఫుకు వెళ్తూ పొరుగింటివారు తాళంచెవి ఇచ్చి వెళ్తారు. అవన్నీ మనకు అప్పగించిన ద్వారాలే. మనం వాటి దగ్గర ఎలా నిలబడ్డామో అల్లాహ్ చూస్తూనే ఉన్నాడు.