దోర్నకల్ దైవజనుడు అజరయ్య

ప్రార్థన అంటే మా కొత్తకోటలో నాతో చదువుకున్న క్రైస్తవ మిత్రుల్లో చాలామందికి హాల్ టికెట్టు చేతికొచ్చాక గుర్తొచ్చే సంగతి. ఎగతాళికి అనడం లేదు, అవసరంలో దేవుణ్ణి తలుచుకోవడం తప్పేమీ కాదు. కానీ ఏళ్ళ తరబడి ఆయనతో కలిసి బతికితే మనిషి ఏమవుతాడో తెలుసుకోవాలనుకున్నప్పుడు నాకు కనిపించిన జీవితం దోర్నకల్ బిషప్ వేదనాయకం సామ్యూల్ అజరయ్య గారిది. మా వైపు క్రైస్తవులు ఎక్కువగా మెన్నొనైట్, బాప్టిస్టు సంఘాలవాళ్ళు గనుక బిషప్ అన్న మాటే మాకు కొంచెం దూరం. అయినా ఆయన పనిచేసిన దోర్నకల్ కూడా అప్పట్లో మా పాలమూరు లాగే నిజాం రాజ్యంలోనిదే.

ఆయన మాతృభాష తెలుగు కాదు, తమిళం. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి అక్కడి పాస్టరు. తల్లి ఎలెన్ ప్రార్థించి, ప్రార్థించి కన్న కొడుకు గనుక బైబిలులోని హన్నాను తలుచుకొని సామ్యూల్ అని పేరు పెట్టింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. చదివారు గాని, సరిగ్గా లెక్కల పరీక్ష వేళకు జబ్బు పడ్డారు. ఆ డిగ్రీ ఇక రానే లేదు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. (సప్లిమెంటరీ మిత్రులు ఈ వాక్యం కింద గీత గీసుకోవచ్చు.)

1895లో వై.ఎం.సి.ఏ.లో చేరి దక్షిణాదంతా తిరిగారు. అమెరికా నుంచి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీ ఆయనకు ప్రాణస్నేహితుడయ్యాడు. 1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో మన దేశానికే సువార్తికులను పంపుతున్నారని చూసి తల వంచుకున్నారు. ఆ మరుసటి ఏడే, అంటే 1903లో, తిరునెల్వేలిలో భారతీయ మిషనరీ సంఘం పుట్టింది. విదేశీ ధనం లేదు, విదేశీ పెత్తనం లేదు. ఆ సంఘం ఎంచుకున్న పొలం దోర్నకల్.

ఇక్కడే నాకు అసలు కథ మొదలవుతుంది. మీరు వెళ్ళండి, మీరు వెళ్ళండి అని యువకులకు చెప్పి చెప్పి, ప్రార్థనలో మోకరించినప్పుడు ఆ మాట ఆయనకే తిరిగొచ్చింది. మరి నీవో? దేశమంతా పేరున్న కార్యదర్శి, పెళ్ళాం పిల్లలున్న గృహస్థు. 1909లో ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, దోర్నకల్ చేరారు. ముప్పై అయిదేళ్ళ వయసులో కూర్చొని అ ఆలు దిద్దారు. గొప్ప వక్తగా పేరుపడ్డ మనిషి మాటలు వెతుక్కోవలసి రావడం చిన్న పరీక్ష కాదు. దేవునితో చనువు పెరిగే కొద్దీ సౌఖ్యం కూడా పెరుగుతుందనుకునేవాళ్ళకు ఈ ఘట్టం మింగుడు పడదు.

ఆ మరుసటి ఏడు, 1910లో, ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభ. పన్నెండు వందల పైచిలుకు ప్రతినిధుల్లో ఆసియావాళ్ళు ఇరవై మంది కూడా లేరు. అక్కడ లేచి, మీ త్యాగాలకు కృతజ్ఞులమే గాని మాకు స్నేహితులు కావాలి అన్న భావంతో మాట్లాడారు. సభలో కొందరికి కోపం వచ్చింది. దేవుణ్ణి స్నేహితుడిగా ఎరిగిన మనిషి దేవుని పేరిట వచ్చిన దొరతనాన్ని ఓర్చుకోలేకపోయాడని నా ఊహ.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. అధికారం వచ్చినా ఎడ్లబండి మాత్రం తప్పలేదు. వచ్చేవాళ్ళు ఎక్కువగా మాల, మాదిగ కూలీలు, అక్షరం రానివాళ్ళు. పొద్దంతా చేలో పనిచేసి, రాత్రి దీపం దగ్గర పంతులు చెప్పిన ప్రార్థన, పాట, పది ఆజ్ఞలు కంఠస్థం పట్టేవాళ్ళు. ఇల్లాలు అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం దేవునికని వేరే కుండలో వేసేది. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత, తలమీద చెయ్యి పెట్టించి, నేను సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనిపించేవారు బిషప్ గారు. భక్తి గురువుగారి సొత్తు కాదు, కూలిమనిషిది కూడా అన్న నమ్మకం అది. మురికి, రోగం, అప్పు, తాగుడు: ఈ నాలుగింటినీ దయ్యాలని పిలిచి వాటితో పోరాడారు. భార్య అన్బు అమ్మగారు ఆడవాళ్ళ పని భుజానికెత్తుకున్నారు. 1941 నాటికి ఆ అధ్యక్ష మండలంలో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు.

అందరూ మెచ్చలేదు. 1930లలో గాంధీజీ ఈ సామూహిక మతాంతరాలను గట్టిగానే విమర్శించారు. అజరయ్య గారు తన దారి వదల్లేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు మాత్రం వద్దన్నారు, సంఘం రాజకీయ పక్షం కాకూడదని.

పాతికేళ్ళ ప్రయాస తరువాత 1939 జనవరి 6న దోర్నకల్ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, మీనార్లు, పైన సిలువ. చూసినవాడికి ఇది మన ఊరిదే అనిపించాలన్నది ఆయన పట్టు.

దక్షిణ ఇండియా సంఘం కోసం ఏళ్ళ తరబడి పాటుపడ్డారు గాని, 1947లో అది ఏర్పడేనాటికి ఆయన లేరు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. అక్కడే సమాధి చేశారు. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. విజయవాడ రైల్లో పోయేవాళ్ళు దోర్నకల్ జంక్షన్‌లో దిగి చూడవచ్చు.