అశోకుని ధర్మవిజయము

చంద్రగుప్త మౌర్యుని మనుమడును, బిందుసారుని కుమారుడును అగు అశోకుడు క్రీ. పూ. 268 ప్రాంతమున పాటలీపుత్రమున పట్టాభిషిక్తుడయ్యెను. పొరుగురాజు సహజశత్రువనియు, వాని కావలివాడు మిత్రుడనియు చెప్పు రాజనీతి మన దేశమున చిరకాలముగా కలదు. అర్థశాస్త్రము దానినే రాజమండలమని వివరించినది. అశోకుడును మొదట ఆ త్రోవనే నడచెను.

పట్టాభిషేకమైన ఎనిమిదేండ్లకు ఆతడు కళింగముపై దండెత్తెను. ఆతని 13వ శిలాశాసనము ప్రకారము ఆ యుద్ధమున 1,00,000 మంది హతులైరి. 1,50,000 మంది చెఱగొనిపోబడిరి. పెక్కురెట్లు జనులు ఇతర విధముల నశించిరి. బ్రదికియుండియు ఆప్తులను గోల్పోయిన సాధుజనుల దుఃఖము ఆతనిని మిక్కిలి కలచివైచెను. గెలిచిన రాజు తన గెలుపునకు తానే వగచి, ఆ వగపును ఱాతిపై చెక్కించుట లోకచరిత్రమున అరుదు.

అది మొదలు ధర్మముచే సాధించినదే నిజమైన విజయమని ఆతడు నిశ్చయించెను. దక్షిణమున చోళులు, పాండ్యులు, సత్యపుత్రులు, కేరళపుత్రులు, సముద్రమున కావల తామ్రపర్ణి యనబడు సింహళము ఆతని యేలుబడికి వెలుపల నుండెను. సేనలకు మారుగా అచ్చటికి చికిత్సాసౌకర్యములు పోయెను. మనుష్యులకును పశువులకును ఉపకరించు ఓషధులు లేనిచోట్లకు తెప్పించి నాటించిరి. బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు పెంచిరి. పడమట సిరియా రాజగు ఆంటియోకస్, ఈజిప్టు రాజగు టాలెమీ మున్నగు యవనరాజుల దేశములకును ఈ ధర్మము వ్యాపించినట్లు శాసనము చెప్పుచున్నది. ఆంధ్రుల పేరును అందు కలదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై ఆతని 14 శిలాశాసనములను నేటికిని చూడవచ్చును.

అట్లని ఆతడు రాజ్యాధికారమును విడిచినవాడు కాడు. కళింగమును మరల స్వతంత్రము చేయలేదు. అడవిజాతులను క్షమింతునని చెప్పుచునే తన బలమును మరువవలదని హెచ్చరించెను. పశ్చాత్తాపశాసనము కళింగమందలి ధౌళి, జౌగడలలో మాత్రము కానరాదు! ఓడినవారి కన్నులయెదుట ఆ లెక్కలు నిలుపుటకు మనసొప్పలేదో, రాజనీతి అడ్డుపడెనో ఊహింపవలసినదే.

దానికి మారుగా అచ్చట వేఱు శాసనములు చెక్కించెను. జయింపబడని పొరుగువారు తన్ను గూర్చి భయపడవలదనియు, తనవలన వారికి సుఖమేగాని దుఃఖము కలుగదనియు, క్షమింపదగినంతవఱకు క్షమింతుననియు వారికి నమ్మకము కలిగింపుడని అధికారులను ఆజ్ఞాపించెను. పుష్యమీ నక్షత్రమునాడు ఆ శాసనమును చదివి వినిపింపవలెననియు, నడుమ దినములలో వినువాడొక్కడే యున్నను వినిపింపవచ్చుననియు నియమించెను.