తల్లి నోట క్రిస్మసు కథ : నికోబారు బిషప్ జాన్ రిచర్డ్సన్

క్రిస్మసు దినములలో తల్లి తన చిన్నపిల్లలను చుట్టు కూర్చుండబెట్టుకొని బొమ్మల పుస్తకము విప్పుట మన గృహములలో అనేకులెరిగిన దృశ్యము. పిల్లవాడు తొట్టెమీద వ్రేలుంచి అది ఏమని అడుగును, తల్లి చెప్పును. ఆ బొమ్మను ఏ దేశమున అచ్చు వేసినను, చెప్పెడి మాట తల్లిదై యుండవలెను. మాట లేనిచోట అది కాగితముమీది రంగు మాత్రమే. బంగాళాఖాతమునకు ఆగ్నేయముననున్న కార్ నికోబారు ద్వీపమున ఆ మాటను ఇంటింట నిలుపుటకు తన జీవితకాలమును వెచ్చించినవాడు జాన్ రిచర్డ్సన్.

ఆయన స్వజనులు పెట్టిన పేరు హచెవ్కా. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున ఆయన జన్మించునప్పటికి ఆ ద్వీపవాసుల భాషకు తనదైన లిపి లేదు, ఇండ్లలో పుస్తకము లేదు. బొమ్మలు మాత్రము ఆ దీవులకు క్రొత్త కాదు. నన్కౌరీ ప్రాంతపు ద్వీపములలో ఓడలను, చేపలను, మనుష్యులను పలకలపై చిత్రించి, దురాత్మలు రాకుండునట్లు ఇండ్లలో వ్రేలాడదీయుచుండిరి. బొమ్మ భయమునకు కావలిగా నుండెను గాని, పిల్లలకు కథ చెప్పుటకు కాదు.

ఇందులో చరిత్ర చేసిన వింత యొకటి కలదు. పిల్లల కొరకైన బొమ్మల పుస్తకములకు మూలపురుషుడని పేరొందిన కొమెనియస్, బొహీమియా సహోదరుల సంఘమునకు బిషప్. 1658లో వెలువడిన ఆయన గ్రంథములో ప్రతి బొమ్మ ప్రక్కను లాటిను మాటతోకూడ పిల్లవాని సొంత భాషయైన జర్మను మాటయు ముద్రింపబడెను. ఆ సంఘపు వారసులైన మొరేవియనులే 1768లో తరంగంబాడి నుండి నన్కౌరీకి వచ్చిరి. జ్వరములచేత అనేకులు మరణించగా, 1787లో మిగిలినవారు ఆ పనిని విడిచిపోయిరి. వారి త్యాగము గొప్పదే, అయినను నికోబారు తల్లి చేతికి పుస్తకము రాలేదు.

ఆ శతాబ్దపు కడపటి సంవత్సరములలో వేదప్పన్ సొలొమోను అను తమిళ ఉపదేశి కార్ నికోబారులోని ముస్ గ్రామమున బడి నడపెను. హచెవ్కా ఆయన శిష్యుడు. బాప్తిస్మమునందు జాన్ రిచర్డ్సన్ అను పేరు పొంది, బర్మాలోని మాండలేలో చదివి, 1912లో ఉపాధ్యాయుడుగాను ఉపదేశిగాను స్వగ్రామమునకు తిరిగి వచ్చెను. పిల్లలకు అక్షరములతోపాటు ఫుట్‌బాలునుకూడ నేర్పెను. నేటికిని ఆ ద్వీపవాసులకు ఆ ఆటపై మక్కువ ఎక్కువ. అక్కడ పనిచేసిన ఇంగ్లీషు మిషనరీ జార్జ్ వైట్‌హెడ్ కూర్చిన కార్ నికోబారు భాషా నిఘంటువు 1925లో రంగూనులో అచ్చయ్యెను. రోమను అక్షరములలో ఆ భాషను వ్రాయుట ఆ విధముగా స్థిరపడుచుండెను.

నిఘంటువున్నంత మాత్రమున కథ రాదు. పాశ్చాత్యుల క్రిస్మసు బొమ్మలలో కనబడు మంచును నికోబారు పిల్లవాడు ఎన్నడు చూడలేదు. గొఱ్ఱెల మందలు అక్కడ లేవు. ఇంటి ఐశ్వర్యము పందులు, కొబ్బరితోట, మొగలిజాతి పండ్లు. ఎత్తైన గుంజలమీద గుండ్రని యిండ్లు. వాటి క్రిందనే పశుజాలము తిరుగుచుండును. కాపరి యనిన ఎవరు, తొట్టె యనిన ఏది అను ప్రశ్న అనువాదకుని యెదుటికి ప్రతి వాక్యములోను వచ్చును. అయితే కొన్ని సంగతులు మనకంటె వారికే సమీపము. సముద్రతీరమున ఎల్‌పనమ్ అను ఊరుమ్మడి స్థలములో పురిటిల్లు ప్రత్యేకముగా నుండెడిది. తల్లి ఇల్లు విడిచి ప్రసవించెనని విన్న బాలునికి అందులో ఆశ్చర్యము తోచకపోవచ్చును. ఆమెకొక పురిటిల్లయినను లేదనునదే అతనికి ఆశ్చర్యము. కుండల కొరకు హోడీలపై చౌరా ద్వీపమునకు సముద్రము దాటు జనులకు నక్షత్రమును గూర్చి విశేష వివరణ అక్కరలేదు. పరదేశి యెంత పండితుడైనను ఈ తారతమ్యమును ఆ యింట పెరిగినవానివలె ఎరుగుట కష్టము.

1942లో జపాను సైన్యము ఆ ద్వీపములను ఆక్రమించెను. ఇంగ్లీషు తెలిసినవారిమీద, సంఘపెద్దలమీద గూఢచారులను నెపము మోపబడెను. 1945లో అనేకులు చిత్రహింసల పాలై చంపబడిరి. చెరలో వేయబడిన రిచర్డ్సన్ ప్రాణముతో బయటపడెను. యుద్ధమునకు ముందు క్రైస్తవులు కొద్దిమందియే. తరువాతి కొన్ని సంవత్సరములలో ద్వీపవాసులలో అత్యధికులు బాప్తిస్మము పొందిరి. ఒక్కొక్కరుగా గాక, తుహెత్ అను ఉమ్మడి కుటుంబములుగా వచ్చిరి. ఇక లేఖనము దేవాలయపు బల్లపై నున్న చాలదు. నిచ్చెన యెక్కి ఇంటిలోనికి పోవలెను.

రిచర్డ్సన్ అనువదించిన క్రొత్త నిబంధన 1950లో వెలువడెను. ఆ సంవత్సరమే ఆయన కలకత్తాలో బిషప్‌గా అభిషేకింపబడెను. 1952లో మొదటి లోక్‌సభకు ఆ ద్వీపముల పక్షమున నియమింపబడెను. పద్మశ్రీ, పద్మభూషణ్ బిరుదులును లభించెను. గౌరవములు అనేకము, వాటిని ఇంతకంటె వివరింప నక్కరలేదు. 1969లో సంపూర్ణ బైబిలు ఆ భాషలో ముద్రింపబడెను. దానిని కన్నులార చూచి, 1978లో ఆయన ప్రభువునందు నిద్రించెను.

2004 డిసెంబరు 26 ఉదయమున, క్రిస్మసు పండుగ ముగిసిన కొన్ని గంటలకే, సునామీ కార్ నికోబారు తీరగ్రామములను తుడిచివేసెను. మిగిలినవారు ద్వీపపు లోతట్టుకు తరలి రేకుల షెడ్లలో కాపురముండిరి. ఇండ్లతోపాటు ఇండ్లలోని పుస్తకములును నీటిపాలయ్యెను. మరుసటి క్రిస్మసునాడు ఆ షెడ్లలో పిల్లలకు కథ చెప్పవలసిన అవ్వలు చిన్ననాట రిచర్డ్సన్ బడి యెరిగిన తరమువారు.